ఎవరి చెమటకి షవర్?

మా ఆఫీసు గ్రీన్ బిల్డింగ్. కింద పార్కింగ్‌లో సైకిల్ స్టాండు, పక్కనే రెండు షవర్లు. లీడ్ రేటింగ్ పాత వెర్షన్లలో వీటికి ఒక పాయింటు ఉండేది: భవనాన్ని వాడేవాళ్లలో 5 శాతానికి సైకిల్ చోటు, పూర్తికాలం పనిచేసేవాళ్లలో 0.5 శాతం లెక్కన షవర్లు. దేశంలో మొదటి లీడ్ ప్లాటినం 2003లో హైదరాబాద్‌ సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కే వచ్చింది.

నేను వారానికోసారి సైకిల్ మీద వెళ్తాను. అందరూ మెచ్చుకుంటారు. మా సెక్యూరిటీ గార్డు రోజూ సైకిల్ మీదే వస్తాడు. అది ఎవరికీ కనబడదు. షవర్ తలుపు ఆయన కార్డుకి తెరుచుకోదు. వెనక కుళాయి దగ్గర మొహం కడుక్కుని యూనిఫాం వేసుకుంటాడు. ఆయనది టెక్కలి, నాది పలాస. అడిగితే, "మనకెందుకు బాబూ, కుళాయి ఉంది కదా" అన్నాడు.

పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూస్తూ పెరిగాను. తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, నల్లమరక ఓ పట్టాన వదలదు. పని దిగాక ఒళ్లు కడుక్కోడం వాళ్లకి సౌకర్యం కాదు, అవసరం. అవసరం ఉన్నచోట పాయింట్లు లేవు.

ఆ పాయింటు అబద్ధమేమీ కాదు. షవర్లు నిజంగానే ఉన్నాయి. శాతం లెక్కలో గార్డు కూడా ఒక మనిషే. లెక్కలో ఉన్నవాడు తలుపు దగ్గర ఎందుకు లేడు? సరదాకి పట్టిన చెమటకి ఉన్న మర్యాద, గత్యంతరం లేక పట్టిన చెమటకి ఎందుకు లేదు?

పోయిన వారం అడ్మిన్‌కి మెయిల్ పెట్టాను. "పరిశీలిస్తాం" అన్నారు. వాళ్లని తప్పుపట్టే ముందు ఒకటి ఒప్పుకోవాలి: ఆ షవర్ నేను రెండేళ్లుగా వాడుతున్నాను.