డెహ్రాడూను చదువును గూర్చి పెదనాన్న లేఖ

చిరంజీవికి,

నీ లేఖ చేరినది. చిన్నవానిని ఏడవ తరగతి నుండి డెహ్రాడూనులోని డూన్ స్కూలుకు పంప సంకల్పించితివనియు, ప్రవేశపరీక్షకు దరఖాస్తు పెట్టితివనియు, అందులకై కాలువక్రింది మాగాణిలో రెండెకరములు అమ్ముటకు బేరము మాటలాడుచుంటివనియు, ఈ విషయమున నా అభిప్రాయము దాచక తెలుపవలసినదనియు వ్రాసితివి. అవుననియో కాదనియో ఒక్క మాట వ్రాసి ఊరకుండుట నాకు సులభమే. కాని పదునొకండేండ్ల పసివాని బ్రతుకును, తాతలనాటి భూమిని, రెంటిని తాకు ప్రశ్నకు ఒక్క మాటలో బదులు చెప్పుట పెద్దరికము కాదు. అందుచేత కొంచెము తీరికగా వ్రాయుచున్నాను. నీవును కోడలును కలసి చదువుడు.

ముందుగా, ఆ పాఠశాల ఘనతను నేను తక్కువచేయుట లేదని గ్రహింపుము. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో న్యాయసభ్యుడుగా నుండిన సతీశరంజన్ దాసు, ఆంగ్లదేశపు వసతి పాఠశాలలలోని శిక్షణను మన దేశపు బాలురకు కులమత భేదము లేక అందింపవలెనని తలపోసి, నిధులు కూర్పసాగి, ఫలము కంట చూడకయే 1928లో గతించగా, ఆయన సంకల్పము 1935లో, పూర్వము అటవీ పరిశోధన సంస్థ నెలకొనియుండిన చాంద్‌బాగ్ తోటలో, ఈటన్ పాఠశాల నుండి వచ్చిన ఆర్థర్ ఫుట్ ప్రథమ ప్రధానోపాధ్యాయుడుగా, రూపు దాల్చినది. విక్రమ్ సేఠ్, అమితావ్ ఘోష్ వంటి రచయితలును, రాజీవ్ గాంధీయు ఆ చెట్లనీడ చదివినవారే. అచటి వసతిగృహములలో ఒకటి నేటికిని హైదరాబాదు పేరనే పిలువబడుచున్నది. నిజాము ప్రభుత్వ మిచ్చిన విరాళమే అందులకు కారణము. ఆ విరాళములో తెలంగాణపు రైతు చెల్లించిన శిస్తును కలదని తలచినప్పుడు, ఆ పాఠశాల మనకు బొత్తిగా పరాయిది కాదనియు, మన పిల్లవాడు అందడుగిడుట యెవరి దయాభిక్షయు కానేరదనియు నాకు తోచును.

అట్టి పాఠశాలలో నిజముగా వెలగలది యేదియని యడిగినచో, విశాలమైన మైదానములును, ఈతకొలనులును, గొప్పవారి పేర్లు చెక్కిన పలకలును కావనియే చెప్పుదును. సాయంకాలము గంట మ్రోగగానే ఉపాధ్యాయుడు ఇల్లు చేరుకొను చోటు కాదది. పగటి పాఠములో చిక్కుపడిన సందేహమును రాత్రి భోజనశాలలో అడుగవచ్చును. గణితము చెప్పు నాయనయే సెలవునాడు పిల్లలను వెంటబెట్టుకొని కొండలెక్కించును. తరగతిలో మందమతియని పేరుపడిన బాలుడు వడ్రంగిశాలలోనో సంగీతశాలలోనో తన చేతి నేర్పును తాను కనుగొనుటకు వలసిన తీరికయు, ఆ నేర్పును కనిపెట్టి చూచు పెద్దదిక్కును అచట దొరకును. తన పక్క తాను సర్దుకొనుట, తన బట్టలకు తాను లెక్క చూచుకొనుట, నచ్చని తోటివానితో ఒకే గదిలో ఏడాదిపాటు కలహింపక మసలుకొనుట చిన్న విద్యలు కావు. మన జిల్లాలలో హాస్టలు చదువనగానే, ఎనిమిదవ తరగతి నుండి పోటీపరీక్షల ప్రశ్నలను వల్లెవేయించు కార్పొరేటు కళాశాలల మేడలే జనులకు స్ఫురించుచున్నవి. అడుగుపెట్టి పరుగెత్తుటకు జానెడు నేల లేని ఆ మేడలలో బాల్యమును తాకట్టు పెట్టుటకన్న డెహ్రాడూను వేయిరెట్లు మేలు. ఇంతవరకు నీయభిప్రాయమే నాయభిప్రాయము.

అయితే నీ లేఖలో నన్ను కలవరపెట్టిన వాక్య మొకటి కలదు. పెద్ద యిండ్ల పిల్లలతోడి స్నేహము రేపు మనవానికి అక్కరకు వచ్చునని వ్రాసితివి. ఈ మాట నీవొక్కడవే అనుటలేదు; ఇట్టి పాఠశాలలకు పిల్లలను పంపు తండ్రులలో అనేకుల మనస్సున నున్నది ఇదియే, కొందరు పైకి చెప్పుదురు, కొందరు చెప్పరు. భారతమును నీకు చిన్ననాడు నేనే చదివి వినిపించితిని గనుక ద్రుపదుని కథ నీవు మరచియుండవు. ఒకే గురువునొద్ద విలువిద్య నేర్చి, ఒకే పాకలో నిద్రించి, ప్రాణస్నేహితులై పెరిగిన ద్రోణ ద్రుపదులలో ఒకడు పాంచాలమునకు రాజయ్యెను. రెండవవాడు, ధనికుల పిల్లలు పాలు త్రాగుచుండగా చూచి తనకును పాలు కావలెనని యేడ్చిన కొడుకును ఓదార్పలేక, సహాధ్యాయిని తలచుకొని, పాడి యావులనైన నీయకపోవునాయని ఆశపడి అతని సభకు పోయెను. రాజునకును పేదకును స్నేహమెక్కడిదని ద్రుపదుడు నిండుసభలో త్రోసిపుచ్చెను. ఆ పరాభవము శిష్యులచేత ద్రుపదుని పట్టి తెప్పించి సగము రాజ్యము లాగికొనువరకును, ఆ పగ ద్రోణుని చంపు కొడుకు కొరకు ద్రుపదుడు యజ్ఞము చేయువరకును, తుదకు కురుక్షేత్రము వరకును నడచినది. కృష్ణ కుచేలుర కథ కూడ గురుకులపు స్నేహమేకదా యని నీవనవచ్చును. నిజమే; కాని కుచేలుడు సాందీపనియొద్ద కట్టెలు మోయుచున్నప్పుడు ఈ నల్లని పిల్లవాడు రేపు నాకు పనికివచ్చునని లెక్క కట్టలేదు, ద్వారకకు పోయియు నోరు తెరచి అడుగలేదు. పనికివచ్చునని చేసిన స్నేహము ఎదుటివానికి తెలియకపోదు. బాలురకు మరింత త్వరగా తెలియును. అట్టి కోరికను పదునొకండేండ్లవాని మనస్సున నాటి పంపితివా, వాడు తోటివారి ముఖములను కాక వారి తండ్రుల హోదాలను చూచుటకు అలవడును. చదువు చెడుట అచటనే మొదలగును.

పరిమితాదాయముగల యింటి బాలుడు ఐశ్వర్యవంతుల నడుమ చదువునప్పుడు పడు యాతనను, మన దేశమున మోతీహారిలో పుట్టిన జార్జి ఆర్వెల్ వ్రాసినంత నిర్దాక్షిణ్యముగా మరియొకరు వ్రాసినట్లు నేనెరుగను. ఈటన్ చేరుటకు ముందు ఆయన చదివిన వసతి పాఠశాలలో ఫీజు తగ్గించి చేర్చుకొని, ఆ తగ్గింపును మాటిమాటికి ఎత్తిచూపెడివారని ఆయన ఒక వ్యాసమున వ్రాసెను. ఆ వ్యాసమును బ్రతికియుండగా ప్రకటింపలేదు, మరణానంతరమే వెలువడినది. మన పిల్లవాడు పూర్తి ఫీజు చెల్లించియే చదివినను, సెలవులలో తోటివారు విదేశములకు పోవుచుండగా తాను రైలెక్కి మన యూరు వచ్చును. నిన్ను డబ్బడుగుటకు వాడు సిగ్గుపడును, అడుగకుండుటకును సిగ్గుపడును. అందులకు మందు ముందుగానే నీచేతిలో నున్నది: మనకెంత కలదో, ఏది అమ్మి యేది మిగుల్చుకొంటిమో, ఇంటి లెక్క దాచక వానికి చెప్పి పంపుట. ఇంటి స్థితి యెరిగిన పిల్లవాడు అంత తేలికగా తలవంచుకొనడు.

ఈ సందర్భముననే మరియొక విషయము. విద్యార్థివేతనమునకు దరఖాస్తు పెట్టుట మన గౌరవమునకు తగదని నీవు తలచినట్లున్నది. ఆంగ్లదేశపు వించెస్టరు పాఠశాలను 1382లో విలియం ఆఫ్ వైకమ్ నెలకొల్పినది డెబ్బదిమంది పేదబాలుర కొరకు. ఈటనును 1440లో ఆరవ హెన్రీ స్థాపించినదియు డెబ్బదిమంది నిరుపేదలకు ఉచితముగా చదువు చెప్పించుటకే. సొమ్ము చెల్లించి చేరువారు పిదప వచ్చి చేరి, కాలక్రమమున వేయికి మించి, పాఠశాల తమదే అనిపించుకొనిరి. అట్లే మన హైదరాబాదులో జాగీర్దారుల కుమారుల కొరకు 1923లో వెలసిన కళాశాల, జాగీర్దారీ రద్దయిన పిమ్మట, 1951లో హైదరాబాదు పబ్లిక్ స్కూలై ఇతరులకును తలుపులు తెరచినది. ఎవరి పాఠశాల ఎవరిదగునో కాలము నిర్ణయించును. డెహ్రాడూనులోను విద్యార్థివేతనములు కలవు. వాని నడుగుటలో అవమాన మేమియు లేదు. అడుగక భూమి నమ్ముటయే అవివేకము.

ఇక వ్యయము మాట. ఏటి ఫీజు పది లక్షలకు పైబడియున్నది, ఏటేట పెరుగుచునే యున్నది. ఆరేండ్లకు అరువది లక్షలకు తక్కువ కాదు. ప్రవేశమునాటి డిపాజిట్టును, ఢిల్లీ మీదుగా రాకపోకలును, దుస్తులును, విహారయాత్రలును అదనము. ఈ మొత్తము మాగాణి నుండియే రావలసియున్నది గనుక అడుగుచున్నాను: ఆ మాగాణి యెవరిది? నీవు కష్టించి కొన్నది కాదు, నేను కొన్నది కాదు, పిత్రార్జితము. పుత్రికకును పుత్రునితోపాటు జన్మతః సమానహక్కు గలదని మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లోనే చట్టము చేసినది. దేశమంతటికి ఆ న్యాయము 2005లో కాని రాలేదు. మనము ముందుగా చేసి గర్వింపదగిన చట్టమును మన యింటనే మరచుట తగునా? నీ లేఖ నాలుగు పుటలు. అందు చిన్నవాని ప్రస్తావనయే కాని, అయిదవ తరగతి చదువుచున్న మనుమరాలి పేరైన లేదు. అది చదివి మీ పెద్దమ్మ చాలసేపు మాటలాడలేదు. అన్న డెహ్రాడూనులో చదువుచుండగా చెల్లెలు ఊరి బడిలో చదువుట దానంతటది తప్పు కాదు, ఊరి బడి మంచిదైనచో. కాని దాని వంతు భూమిని అమ్మి వీనికి ఫీజు కట్టి, రేపు దాని పైచదువునాటికి చేతిలో లేదనుట అధర్మము. నీవు ఇంకేమి చేసినను నేను సహింతును, దీనిని సహింపను.

సొమ్ముతో కొలువరాని వ్యయము వేరొకటి కలదు. ఆరేండ్లలో పిల్లవాడు మన యింట గడపునది, సెలవులన్నియు కలిపినను, రెండేండ్లకు మించదు. నా ఉపాధ్యాయవృత్తిలో చాలకాలము నేను వసతిగృహముల పర్యవేక్షణ చేసినవాడను. క్రొత్తగా చేరి యేడ్చు పిల్లలను గూర్చి నాకెన్నడును భయముండెడిది కాదు. వారము పదిదినములలో ఎవరో ఒకరి భుజముపై చేయివేసి ఆటకు పోయెడివారు. ఏడ్వని పిల్లవానినే నేను కనిపెట్టి యుండెడివాడను. అన్నిటికి బాగున్నదనియు, ఏమియు వలదనియు చెప్పు ఆ పిల్లవాడు లోపల తలుపు మూసికొన్నవాడు. ఆ తలుపు కొందరికి పెద్దయైన పిదపను తెరచుకొనదు. ఆంగ్లదేశమున జాయ్ షావరియన్ అను మనస్తత్వ చికిత్సకురాలు ఇట్టివారిని గూర్చి ఒక గ్రంథమే వ్రాసినది. ఆ డూన్ స్కూలులోనే చదివి లోకఖ్యాతి నార్జించిన విక్రమ్ సేఠ్, తానచట ఒంటరితనముతోను తోటివారి వేధింపులతోను క్రుంగినట్లు, పిదప ఆ పాఠశాల ఉత్సవసభలోనే చెప్పెను. అట్లు చెప్పినవానిని పిలిచి విన్నది గనుక ఆ పాఠశాలపై నాకు గౌరవము హెచ్చినది. అయినను ఒక తండ్రి వినవలసిన మాట అది.

మన తెలుగునేలపై వేరు మార్గములు లేవా? మదనపల్లె చేరువ రిషివ్యాలీలో జిడ్డు కృష్ణమూర్తి ఆశయముతో వెలసిన పాఠశాలలో బాలబాలికలు కలసి చదువుదురు. ఫీజు అచటను తక్కువ కాదు గాని, చుట్టుపట్ల పల్లెల పిల్లలకు చిన్నబడులు నడపి, తరగతికొక గురువు లేనిచోట చదువు చెప్పు విధానమును రూపొందించి ఇతర రాష్ట్రములకును మార్గము చూపినది ఆ సంస్థ. 1971 నవంబరులో, ముఖ్యమంత్రియైన పి.వి. నరసింహారావు నాటి నల్లగొండ జిల్లా సర్వేలులో నెలకొల్పిన గురుకులము సంగతి నీకు తెలిసినదే. పైసా ఫీజు లేక, ప్రతిభ యొక్కటే ప్రవేశార్హతగా, పల్లెబాలురను చేర్చుకొన్న ఆ బడి, ఆ వెనుక తాడికొండ, కొడిగెనహళ్ళి బడులు ఎందరిని ఉన్నతాధికారులను చేసినవో లోకమెరుగును. తరువాత దేశమంతట వెలసిన నవోదయ విద్యాలయములు ఆ బాటనే నడచినవి. నిజామాబాదు జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులములో చదువుచు, పదునాలుగేండ్లైన నిండకయే 2014 మే 25న ఎవరెస్టు నెక్కినది. ఇంటికి దూరమైన చదువు పిల్లల నెంత ఎత్తునకు చేర్పగలదో చెప్పుటకు ఇంతకన్న నిదర్శనము నాకు వలదు. అది ధనికులకే పరిమితమైన భాగ్యము కాదు. అయిదవ తరగతి చదువుచున్న మనుమరాలు నవోదయ ప్రవేశపరీక్ష వ్రాయుటకు ఇదియే అదను.

ఇక నా నిర్ణయము. చిన్నవాడు తానై పోదలచి, పరీక్షలో నెగ్గి, విద్యార్థివేతనము కొంత లభించి, తక్కినది నీ జీతము నుండియు నీవంతు భూమి నుండియు మాత్రమే తెచ్చుకొనగలవేని, సంతోషముతో పంపుము. ప్రయాణమునాడు నేనును ఢిల్లీ వరకు వచ్చెదను. పంపిన పిదప వారమునకొక ఉత్తరము నీ చేతితో తెలుగున వ్రాయుము, వానిచేత తెలుగుననే బదులు వ్రాయించుకొనుము. ఇట్టి పాఠశాలలలో పిల్లలను సెల్‌ఫోను దగ్గర నుంచుకొననీయరు గనుక ఉత్తరమునకు ఇంకను అచట విలువ కలదు. వాడు వలదనెనేని, లేదా చెల్లెలి వంతు కదల్పక గడవదేని, ఈ తలంపు ఇంతటితో మానుకొనుము. మానుకొన్నందువలన వాడు చెడిపోవునని నీవు భయపడనక్కరలేదు.

వచ్చు ఆదివారము పిల్లలిద్దరిని నీయెదుట కూర్చుండబెట్టుకొని, నీ కోరిక ముందుగా బయటపెట్టక, వారి మనస్సులో నేమున్నదో అడిగి తెలిసికొనుము. చెల్లెలిని కూడ అడుగుట మరువకుము. వారు చెప్పినది చెప్పినట్లు నాకు వ్రాయుము. అంతవరకు మాగాణి బేరమున ఎవరికిని మాట ఇయ్యవలదు.

ఇట్లు,
నీ మేలు కోరు
పెదనాన్న