లేకపోవడం కారణమవుతుందా?

అన్నంభట్టు తర్కసంగ్రహంలో పదార్థాలు ఏడు. ద్రవ్యం, గుణం, కర్మ అంటూ ఆరింటి దాకా పిల్లలు బుద్ధిగా వల్లె వేసేవారు. ఏడోదైన అభావం దగ్గరకొచ్చేసరికి ఎవరో ఒకరు లేచేవారు: "లేనిదాన్ని ఒక పదార్థంగా ఎలా లెక్కపెడతాం మాస్టారూ?" కాలేజీలో ఉన్నన్నాళ్లూ కుండ లేని నేలను చూపించి నెట్టుకొచ్చాను. ఇప్పుడైతే నా వంద సీసీ బండి కార్బ్యురేటర్ విప్పి చూపిస్తాను.

లేకపోవడం కారణమవుతుందా అన్నదాని మీద ఈ తర్కశాస్త్రం వాళ్లైన నైయాయికులకీ, వేరే దర్శనం వాళ్లైన మీమాంసకులకీ ఒక పాత తగాదా ఉంది. నిప్పు దగ్గర ఫలానా మణి పెడితే అది కాల్చదు, తీసేస్తే కాలుస్తుంది. (ఆ మణి ఎక్కడ దొరుకుతుందో ఇద్దరూ చెప్పరు.) నిప్పులో దాహశక్తి అని వేరే ఒకటుంది, మణి దాన్ని పోగొడుతుంది అంటాడు మీమాంసకుడు. కనపడని శక్తి ఎందుకయ్యా, మణి లేకపోవడాన్ని కూడా కారణాల్లో చేర్చుకుంటే పోలేదా అంటాడు నైయాయికుడు. ప్రతిబంధకాభావం అని దానికి పేరు.

మొన్న బండి యాక్సిలరేటర్ వదిలితే చాలు, ఆగిపోతోంది. మెకానిక్ కార్బ్యురేటర్ కింది గిన్నె విప్పి, స్లో జెట్టు ఊడదీసి వెలుతురుకి పట్టి చూశాడు. అదో చిన్న ఇత్తడి ముక్క, మధ్యలో సూది మొన కూడా పట్టని కన్నం. "ఏం లేదు మాస్టారూ, చెత్త పట్టింది" అని గాలి కొట్టి మళ్లీ బిగించాడు. బండికి కొత్తగా చేర్చింది ఏమీ లేదు. చెత్త లేకపోవడమొక్కటే కొత్త. బండి నిలకడగా ఆడింది.

అంతకంటే లోతైన సంగతి పెట్రోలు పైకి రావడంలో ఉంది. గిన్నెలో ఫ్లోటు తేలుతూ, నీడిల్‌ని తెరుస్తూ మూస్తూ పెట్రోలు మట్టాన్ని కాస్తుంది. ఆ మట్టం పెట్రోలు బయటికొచ్చే మూతి కంటే కాస్త కిందే ఉంటుంది. పిస్టన్ దిగినప్పుడు గాలి కార్బ్యురేటర్ గొంతులోంచి దూసుకొస్తుంది. గొంతు సన్నబడిన చోట గాలి వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది. గిన్నెలోకి మాత్రం ఒక సన్నని దారి గుండా బయటి గాలి ఎప్పటిలాగే ఒత్తుతూ ఉంటుంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడూ అది ఒత్తుతూనే ఉంది, కాకపోతే అవతలి నుంచి సరిసమానంగా ఎదురు ఒత్తిడి ఉండేది. ఇప్పుడది తగ్గింది. పెట్రోలును శూన్యం లాగలేదు, బయటి గాలే తోసింది.

ప్రవచనాల్లో తరచూ వినే మాట ఒకటుంది: మనసు ఖాళీ చేసుకో, దైవం దానంతట అదే వచ్చి నిండుతుంది. నాకు అక్కడే పేచీ. ట్యాంకు మూతకుండే గాలి కన్నం పూడుకుపోతే ఏమవుతుందో బండి నడిపేవాళ్లకి తెలుసు. కొంత దూరం బాగానే పోతుంది. పెట్రోలు దిగే కొద్దీ పైన ఖాళీ పెరిగి, ఆ ఖాళీయే మిగిలిన పెట్రోలును దిగనివ్వదు. బండి ఆగుతుంది. మూత తీస్తే బుస్సుమని గాలి లోపలికి పోతుంది, మళ్లీ కదులుతుంది. బయటితో సంబంధం తెగిన ఖాళీ దేన్నీ తేలేదు. తోసేది ఒకటి బయట ఉండాలి, దానికి దారీ ఉండాలి. అది ఉందో లేదో చెప్పకుండా ఖాళీ మహిమను పొగడటం సగం పాఠమే.

ఇక చోక్. చల్లటి ఇంజన్లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. మామూలుగా ఒక గ్రాము పెట్రోలుకి పదిహేను గ్రాముల దాకా గాలి సరిపోతుంది గాని, పొద్దున్నే పెట్రోలు పాలు పెంచాలి. అందుకు చోక్ రేకు గాలికి అడ్డం పడుతుంది. అంటే అడ్డం పెట్టడమే కారణమైంది! నైయాయికుడు ఓడిపోయినట్టు కనిపిస్తాడు. కాని అతను వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: దేనికి అడ్డం? అభావం చెప్పేటప్పుడు ఏది లేదో, అంటే దాని ప్రతియోగి ఏదో చెప్పి తీరాలని అతని పట్టు. ఆ రేకు గాలికి ప్రతిబంధకం, చల్లటి ఇంజన్ రాజుకోవడానికి కారణం. వేడెక్కాక తియ్యకపోతే ప్లగ్గు నల్లబడుతుంది, అప్పుడదే ఇంజన్‌కీ ప్రతిబంధకం. మీమాంసకుడైతే ఒక్కోదానికి ఒక్కో శక్తి చెప్పుకోవాలి. ఓ రేకు ముక్క మీద అన్ని శక్తులు మోపడం నాకు ఇష్టం లేదు.