తిన్న ఉప్పు ఎన్నాళ్లు

హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనాన్ని కాకతి రుద్రదేవుడి స్వాతంత్ర్యానికి గుర్తుగా చదువుతాం. చాళుక్య చక్రవర్తిని ప్రభువుగా తలవకపోవడమే అందుకు ఆధారం. ఆ ప్రభువు పెట్టిన ఉప్పు చిన్నది కాదు. రుద్రదేవుడి పూర్వీకుడు మొదటి ప్రోలరాజుకు హనుమకొండ సీమ దక్కింది చాళుక్యుల రాజధాని కల్యాణి నుంచే. మన కరీంనగర్ వైపు సబ్బి సాయిరం సీమ ఆ వంశంలోని రెండో బేతరాజుకు వచ్చిందీ అక్కడి నుంచే. అలాంటప్పుడు రుద్రదేవుడిది స్వామిద్రోహం కాదా? శాసనకర్త అచింతేంద్రుడికీ ఈ ప్రశ్న తట్టినట్టే ఉంది. రుద్రదేవుడి తండ్రి రెండో ప్రోలరాజు చాళుక్య చక్రవర్తి తైలపుణ్ణి పట్టుకుని కూడా భక్తితో, అనురాగంతో విడిచిపెట్టాడని రాశాడు. కొడుకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఆ తైలపుడే రుద్రుడి భయంతో అతిసారం పట్టి పోయాడన్నాడు. తండ్రి ఋణం ఒప్పుకున్నాడు, కొడుకు నాటికి ఋణం అడిగేవాడే లేడు అన్నమాట. విశ్వాసం కాపాడే మనిషికి చెల్లేదే గాని ఖాళీ సింహాసనానికి చెల్లేది కాదన్నది ఇందులోని ధర్మం. అప్పటికే కల్యాణిని మరో సామంతుడు, కలచురి బిజ్జలుడు, కాజేశాడు కూడా.

ఇది అవకాశవాదానికి వేసిన ధర్మం ముసుగేనని అనవచ్చు. కావచ్చు, కానీ బలమే చాలనుకున్నవాడు తండ్రి భక్తిని దేవుడి గుడిలో రాతికెక్కించడు. ఆ కాలంలోనే సెర్బియాలో స్టెఫాన్ నెమాన్యా బైజాంటియం మీద తిరగబడి ఓడి, 1172లో చక్రవర్తి మాన్యుయేల్ ముందు చెప్పుల్లేకుండా, మెడకు తాడుతో నిలబడి కత్తి అప్పగించాడు. 1180లో మాన్యుయేల్ పోయాక మళ్లీ లేచాడు. చివరికి సన్యసించాడు, సెర్బియా చర్చి అతణ్ణి పునీతుడంది. అక్కడా ప్రభువు బతికి ఉన్నంతకాలమే మాట నిలిచింది.

అసలు చిక్కు మరోచోట ఉంది. పొలవాస మేడరాజు వంశం కూడా చాళుక్యుల సామంతులే. నగునూరు దొమ్మరాజుతోపాటు అతణ్ణీ రుద్రదేవుడు అణచాడని అదే శాసనం గొప్పగా చెబుతుంది. చక్రవర్తి నీడ తొలగితే రుద్రుడికి వచ్చిన హక్కు మేడరాజుకు ఎందుకు రాలేదు? అతను కాకతీయుల ఉప్పు తినలేదు, తోటి సామంతుడు. రుద్రదేవుడి విడుదలను ధర్మమని ఒప్పుకుంటే, పొలవాస, నగునూరు దండయాత్రలను ఆ ధర్మంతోనే సమర్థించలేం. అచింతేంద్రుడు అందుకు ప్రయత్నించినట్టూ లేదు. అక్కడ అతనికి పరాక్రమ వర్ణనే సరిపోయింది.