నేరపు రికార్డు చూచువాని ధర్మము

ఒకని గతమును తెలిసికొను హక్కు పరులకు ఎంతవరకు కలదు? ఈ ప్రశ్న నేటిది కాదు. పిల్లనిచ్చునప్పుడు అటు ఏడు తరములు, ఇటు ఏడు తరములు విచారింపవలెనని పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆ విచారణకు సాక్షులు పెండ్లిండ్ల పేరయ్యలు, బావికడ పొరుగువారు, దూరపు బంధువులు. వారి సాక్ష్యములో అసూయయు కలసియుండెడిది, దయయు కలసియుండెడిది. కొంతకాలమునకు మరపును కలుగుచుండెడిది. నేడు లక్షలకొలది తెలుగువారు అమెరికాలో కాపురములు చేయుచున్నారు. పొరుగూరికి మనిషిని పంపి విచారించుకొనిన కుటుంబములే నేడు అచ్చటి వరుని గూర్చి ఆ దేశపు కౌంటీ న్యాయస్థానపు నేరరికార్డులను వెదకింపజూచుచున్నవి. ఈ క్రొత్త సాక్షికి అసూయ లేదు. కాని దయయు లేదు, మరపును లేదు. అట్టి సాక్షిని ప్రశ్నించువానికి కొన్ని విధులు కలవు. వానిని గూర్చి ఆలోచించుటయే యీ వ్యాసోద్దేశము.

ముందుగా వెదకు పద్ధతిని తెలిసికొందము. అమెరికాలో 3,000కు మించిన కౌంటీలు కలవు. అవి మన జిల్లాలవంటివి. రాష్ట్రచట్టములను అతిక్రమించిన నేరములు సాధారణముగా ఆయా కౌంటీలోని న్యాయస్థానముననే విచారింపబడును. వాని కాగితములను ఆ న్యాయస్థానపు క్లర్కు భద్రపరచును. పేర్లు రాష్ట్రమునకొక తీరుగ నుండును. కాలిఫోర్నియా రాష్ట్రమునే చూడుడు. అచ్చటి 58 కౌంటీలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క సుపీరియర్ కోర్టు కలదు. ఫెలనీ యనబడు మహాపరాధములును, మిస్‌డిమీనర్ యనబడు చిన్న నేరములును అందే విచారింపబడును. లాస్ ఏంజెలెస్ నగరమునకు తూర్పుననున్న రివర్‌సైడ్ కౌంటీ వానిలో నొకటి. 2020 జనాభా లెక్కల ప్రకారము అందు 24 లక్షలకు పైగా జనులుండిరి.

అట్టి న్యాయస్థానమున వెదకువాడు మనుష్యుని పేరుతోగాని, కేసు సంఖ్యతోగాని సూచికను చూడవచ్చును. పేరు దొరకినచో కేసు సంఖ్యయు, దానివలన ఏయే తేదీలలో ఏమేమి జరిగెనో తెలుపు పట్టికయు లభించును. కాలిఫోర్నియా నియమముల ప్రకారము సూచికను, పట్టికను దూరమునుండియే చూపుటకు వీలున్నది. కాని నేరవిచారణకు సంబంధించిన అసలు కాగితములను సామాన్యప్రజలు న్యాయస్థానమునకు పోయియే చూడవలెను. చూచుటకు రుసుము లేదు. నకలు కావలసినచో పుటకు 50 సెంట్లు. క్లర్కు పది నిమిషములకు మించి వెదకవలసివచ్చినచో 15 డాలరులు. ఎందులకు చూచుచున్నారో చెప్పుకొనవలసిన పని లేదు. ప్రజల సొత్తును ప్రజలు చూచుకొనుటకు కారణమేల?

అయితే ఆ గదిలో లేనివి కూడ కలవు. ఒక కౌంటీ రికార్డులో పొరుగు కౌంటీలోని కేసు కనబడదు. కేంద్రప్రభుత్వ చట్టములక్రింది నేరములు ఫెడరల్ న్యాయస్థానములలో నడచును. వాని కాగితములు పేసర్ అను వేరొక యేర్పాటునందు, పుటకు 10 సెంట్ల చొప్పున, లభించును. బాలనేరస్థుల కాగితములు సాధారణముగా మూసియుంచబడును. షెరీఫు ప్రకటించు ఖైదీల జాబితా పోలీసువారిదేగాని న్యాయస్థానముది కాదు. కావున ‘రికార్డులో ఏమియు లేదు’ అను మాట సచ్ఛీలమునకు పత్రము కాజాలదు. దెబ్బలు తిని ఫిర్యాదు చేయని యిల్లాలి కన్నీరు ఏ క్లర్కు పుస్తకమునను నమోదు కాదు.

ఇంతటి బహిరంగత యెందులకని కొందరడుగుదురు. చాటున జరుగు విచారణ యెంతటి అన్యాయమునకైనను చోటిచ్చుననుటకు ప్రపంచచరిత్రయే సాక్షి. న్యాయస్థానపు కాగితములను చూచి నకలు తీసికొను సామాన్యహక్కు ప్రజలకు కలదనియు, అయితే అది హద్దులేనిది కాదనియు అమెరికా సుప్రీంకోర్టు 1978లో చెప్పెను. నేరవిచారణకు ప్రజలు హాజరగు హక్కును 1980లో స్థాపించెను. ఈ తీర్పుల వెనుకనున్న భావము గమనింపదగినది. పోలీసులు అమాయకుని పట్టిరా, న్యాయాధిపతి ధనికునికొక తూనిక, దరిద్రునికొక తూనిక పట్టెనా యని ప్రజలు కనిపెట్టి యుండుటకు తలుపులు తెరువబడినవి. అనగా బహిరంగ రికార్డు ప్రధానముగా న్యాయస్థానము ఎదుట పట్టిన అద్దము. మనము ఆ అద్దమును ముద్దాయివైపు త్రిప్పి, శిక్ష ముగిసిన పిమ్మట వానిని మరల మరల విచారించుటకు వాడుకొనుచున్నాము. త్రిప్పరాదని నేననను, త్రిప్పిన చేతికి బాధ్యత కలదని మాత్రమే చెప్పుచున్నాను.

పూర్వము ఆ బాధ్యతను కొంతవరకు శ్రమయే నిర్వహించెడిది. ఊరూరు తిరిగి కాగితములు తిరుగవేయుటకు ఓపిక గలవారు కొలదిమంది. ఇచ్చటనొకటి అచ్చటనొకటిగా పడియున్న రికార్డులకును, ఒక మనుష్యుని బ్రతుకంతయు ఒక్కచోట కుప్పవోసిన పట్టికకును భేదము కలదని 1989లో ఆ సుప్రీంకోర్టే ఒప్పుకొనెను. నేడు యంత్రము ఆ కుప్పను క్షణములో పోయుచున్నది. శ్రమ తొలగినచోట వివేకము రావలెను. అది తనంతట తాను రాదు.

వివేకమునకు మొదటి పరీక్ష పేరు. రివర్‌సైడ్ న్యాయస్థానము తన సూచికను పేరుతోపాటు పుట్టినతేదీ, డ్రైవరు లైసెన్సు సంఖ్యలను బట్టియు వెదకనిచ్చెడిది. అది రాష్ట్రపు న్యాయస్థాన నియమములకు విరుద్ధమని 2021లో అచ్చటి అప్పీలుకోర్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పును దాటుటకై శాసనసభ ఆమోదించిన బిల్లును 2022లో గవర్నరు త్రోసిపుచ్చెను. దీనివలన శిక్ష ముగిసి ఉద్యోగము వెదకుకొనువానికి కొంత మరుగు దొరకెను. కాని ఒకే పేరుగల ఇరువురిలో నేరము చేసినవాడెవడో తెలిసికొనుట కష్టమయ్యెను. ఇక మన పేర్ల సంగతి వేరుగ చెప్పవలెనా? ఇంటిపేరు ముందు వ్రాయుదుము. పాసుపోర్టులో అది వెనుకకు పోవును. ఒక్కొక్కప్పుడు పెట్టిన పేరే ఇంటిపేరు స్థానమున కూర్చుండును. ఒకే పేరును ఇంగ్లీషు అక్షరములలో నాలుగు విధముల వ్రాయుదుము. సూచికలో దొరకనివాడు నిర్దోషియనియు, దొరకినవాడు మన వాడేననియు తొందరపడి నిశ్చయించుట యెంత ప్రమాదమో చదువరులే యూహింపగలరు.

రెండవ పరీక్ష, చివరివరకు చదువుట. అరెస్టు వేరు, అభియోగము వేరు, తీర్పు వేరు. అభియోగపత్రము ఒక పక్షము చెప్పిన మాట. దానిలోని ప్రతివాక్యమును నిరూపింపబడుటకు ముందు వ్రాయబడినదే. కేసు కొట్టివేయబడియుండవచ్చును, ముద్దాయి నిర్దోషియని విడుదలయై యుండవచ్చును, పెద్ద అభియోగము చిన్నదై ముగిసియుండవచ్చును. అమెరికాలో శిక్షలలో నూటికి 90కి పైగా విచారణ పూర్తిగ జరుగకయే, ముద్దాయి దోషమును అంగీకరించుటవలన పడుచున్నవి. అందు నిజముగ దోషియై ఒప్పుకొనినవారును కలరు. న్యాయవాదికి ఇచ్చుటకు ధనము లేక, జైలులో నెలలు గడుపజాలక, తక్కువ శిక్షకు తలయొగ్గినవారును కలరు. మొదటి పుట చదివి పుస్తకము మూసినవానికి ఈ భేదములేవియు తెలియవు. వాడు నలుగురిలో చెప్పు మాట అబద్ధము కాకపోవచ్చును. కాని సగము నిజము చేయు హాని నిండు అబద్ధము చేయు హానికంటె తక్కువ కాదు, ఏలయనగా దానికి న్యాయస్థానపు ముద్ర తోడుండును.

‘ఆడపిల్లను కన్నవారికి ఈ నీతులేల? కూతురు పరదేశమున ఒంటరిగా ఏడ్చునప్పుడు మీ వివేకము రక్షించునా?’ అని తల్లిదండ్రులు అడుగవచ్చును. ఇది బలమైన ప్రశ్న. భార్యను కొట్టి శిక్షపొందినవాడు ఆ సంగతి దాచి మరల పెండ్లికి వచ్చినచో, వధువు ప్రాణమే పణమగును. కులము, జీతము, ఇల్లు విచారించి, గుణమును విచారింపకుండ పిల్లనిచ్చుట ఆచారమే గాని ధర్మము కాదు. కావున విచారింపుడు, తప్పక విచారింపుడు. అయితే మూడు సంగతులు మరువకుడు. దొరకిన కాగితమును మొట్టమొదట చదువవలసినది కాపురము చేయబోవు పిల్ల. ఆమెకు తెలియకుండ పెద్దలు దాచుటయు తప్పే, ఆమె తరఫున తామే తీర్పు చెప్పుటయు తప్పే. రెండవది, ఆ కాగితమును వరుని ముందుంచి అతని సమాధానము వినవలెను. మూడవది, సంబంధము వద్దనుకొనినను ఆ సంగతిని వీధికెక్కింపరాదు.

రెండవదానికి అమెరికా చట్టముననే ఒక దృష్టాంతము కలదు. 1970 నాటి పరపతి సమాచార చట్టమును 1996లో సవరించి, వర్తకసంస్థ తెచ్చియిచ్చిన నివేదికనుబట్టి ఉద్యోగము నిరాకరింపదలచిన యజమాని, నిరాకరించుటకు ముందే ఆ నివేదిక ప్రతిని అభ్యర్థికి ఇయ్యవలెనని విధించిరి. తప్పున్నచో చెప్పుకొనుటకు వానికొక అవకాశము. జీతమిచ్చు యజమానియే ఇంత చేయవలసియుండగా, అల్లుని చేసికొనదలచిన మామ అంతకంటె తక్కువ చేయుట మర్యాదయా? ఇచ్చట చట్టము మనలను కట్టివేయదు. కట్టివేయని చోటనే ధర్మమునకు పని.

మిగిలిన ప్రశ్న ఒకటి: శిక్షకు అంతమెప్పుడు? న్యాయాధిపతి విధించు శిక్షకు సంవత్సరములు, నెలలు కలవు. లోకము విధించు శిక్షకు లెక్క లేదు. దీనిని గ్రహించియే పెన్సిల్వేనియా రాష్ట్రము 2018లో, కొంతకాలము నేరము లేక గడపినవారి కొన్ని పాత రికార్డులను అడుగకయే మూయునట్లు చట్టము చేసెను. కాలిఫోర్నియా 2019లో అట్టి చట్టము చేసి 2022లో దానిని విస్తరించెను. కాని న్యాయస్థానము మూసిన పుటను వర్తకులు ముందే నకలు తీసి అమ్ముకొనుచుండుటయు కలదు. రాజ్యము క్షమించినదానిని సంత క్షమింపదు. కావున క్షమ ఎంతవరకో మన యిండ్లలోనే నిర్ణయించుకొనవలెను. పందొమ్మిదేండ్ల వయస్సున దుకాణములో వస్తువు దొంగిలించి, పిమ్మట ఇరువదియేండ్లు కష్టించి బ్రతికినవానిని, ఒకరి తరువాత ఒకరిగా ఇరువురు భార్యలను హింసించినవానితో ఒకే త్రాసున తూచువాడు న్యాయప్రియుడు కాడు. మొదటివానిలో మార్పునకు సాక్ష్యమున్నది; రెండవవానిలో అలవాటునకు సాక్ష్యమున్నది. రికార్డు తేదీలను చూపును. ఆ తేదీల నడుమనున్న జీవితమును చూచుట చదువువాని పని.

ఇంతకును చెప్పవచ్చినది ఒక్కటే. పరుని నేరపు రికార్డును తెరచినవాడు, తాను తలచినను తలపకున్నను, న్యాయాధిపతి పీఠముపై కూర్చుండినవాడు. ఆ పీఠమునకు విధులు కలవు: ముందున్నవాడు ఆ మనుష్యుడే యని రూఢిచేసికొనుట, అన్ని పుటలు చదువుట, ఎదుటిపక్షము వినుట, దోషమునకు తగినంతయే శిక్షించుట, శిక్ష ముగిసిన దినమును గుర్తించుట. ఈ విధులలో ఒక్కటి తప్పిన న్యాయాధిపతిని మనమందరము నిందింతుము. ఆ తప్పును పట్టుకొనుటకే కదా ఆ తలుపులు తెరచియున్నవి! అదే కొలతతో మనలను మనము కొలుచుకొనగలిగినచో, తెరచిన తలుపువలన న్యాయస్థానమునకును మేలు, మన కుటుంబములకును మేలు.