పెరటి చెట్టు - కొనసాగే దానం

మదీనాలో ఉమ్మె ముబష్షిర్ (రజి) అనే అన్సారీ మహిళకు ఒక ఖర్జూర తోట ఉండేది. ఒకరోజు దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆ తోటకు వచ్చారు. ఈ చెట్లను నాటింది ఎవరు, ముస్లిమా, ముస్లిమేతరుడా అని అడిగారు. ముస్లిమేనని ఆమె జవాబిచ్చారు. అప్పుడు ఆయన (స) ఒక శుభవార్త వినిపించారు. ముస్లిం ఒక మొక్క నాటినా, ఒక పైరు వేసినా, దాని నుండి మనిషి తిన్నా, పశువు తిన్నా, మరే ప్రాణి తిన్నా అది అతని పక్షాన దానంగా పరిగణించబడుతుందని తెలిపారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనంలో మరో మాట కూడా ఉంది. ఆ చెట్టు నుండి దొంగిలించబడినది సైతం నాటినవారికి దానమేనట!

సోదర సోదరీమణులారా! ఈ చివరి మాటను కాస్త ఆలోచించండి. మన పెరట్లోని జామకాయను వీధి పిల్లవాడు గోడ దూకి కోసుకుపోతే మనం ఏం చేస్తాం? వాణ్ణి తిడతాం, వాడి తల్లిదండ్రుల్ని కూడా తిడతాం. పిల్లవాడు చేసింది తప్పే, వాడికి నచ్చజెప్పాలి. కాని మన కర్మల పత్రంలో ఆ కాయ దానంగా రాయబడిన తరువాత, నోటితో శాపనార్థాలు పెట్టి మనం సంపాదించుకునేది ఏమిటి?

పిలకలతో లభించిన స్వేచ్ఛ

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సత్యాన్వేషణలో దేశాలు తిరిగి, చివరకు మదీనాలో ఒక యూదుని దగ్గర బానిసగా ఉండిపోయారు. విడుదల చేయాలంటే 300 ఖర్జూర మొక్కలు నాటి ఇవ్వాలని, 40 ఊఖియాల బంగారం చెల్లించాలని యజమాని షరతు పెట్టాడు. మీ సోదరునికి సహాయపడండని దైవప్రవక్త (స) సహాబాలకు చెప్పారు. ఒకరు 30 మొక్కలు తెచ్చారు, ఒకరు 20, ఒకరు 15, మరొకరు 10. ఎవరి శక్తి మేరకు వారు తెచ్చి 300 పూర్తి చేశారు. సల్మాన్ (రజి) గుంతలు తవ్వారు. దైవప్రవక్త (స) తమ శుభ హస్తాలతో వాటిని నాటారు. ఒక్క మొక్క కూడా చనిపోలేదని సల్మాన్ (రజి) స్వయంగా తెలిపారు. ముస్నద్ అహ్మద్‌లో ఈ వృత్తాంతం వివరంగా ఉంది.

ఖర్జూర సాగులో ఒక విశేషం ఉంది. గింజ నాటితే వచ్చేది మగ చెట్టో, ఆడ చెట్టో ముందుగా తెలియదు. మగ చెట్టు కాయదు. పండు రుచి కూడా తల్లి చెట్టులా ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే మేలైన చెట్టు మొదట్లో వచ్చే పిలకను వేరు చేసి నాటడం ఆ ప్రాంతంలో అనాదిగా వస్తున్న పద్ధతి. అంటే ఒకరి చెట్టు మరొకరి తోటలో పెరగాలంటే, ఆ మొదటివారు చేయి చాచి ఇవ్వాలి. ఆనాడు మదీనా విశ్వాసులు అలా ఇచ్చారు. చిన్న చిన్న మొక్కలు కలిసి ఒక మనిషి మెడలోని బానిసత్వపు కాడిని దించేశాయి.

మా ఇంటి దానిమ్మ

మేము మదరసాలో చదువుకుంటున్న రోజుల మాట. ఆ ఏడాది రమజాన్ వానాకాలంలో వచ్చింది. సెలవులకు ఇంటికి వచ్చాం. మా పెరట్లో తాతగారు నాటిన దానిమ్మ చెట్టు ఉండేది. పక్కింటి హిందూ సోదరి వచ్చి మా అమ్మను అడిగారు: "వదినా, రెండు కొమ్మలు ఇస్తారా? మా పెరట్లో పాతుకుంటాను."

మేము అడ్డుపడ్డాం. పిందెలున్న చెట్టును ఇప్పుడు కొయ్యకూడదన్నాం. అది పైకి చెప్పిన కారణం మాత్రమే. వీధి మొత్తంలో దానిమ్మ మా ఇంట్లోనే ఉందన్న గొప్ప పోతుందేమోనన్నది లోపలి కారణం. అమ్మ మా మొహం చూసి, "కొమ్మ ఇస్తే చెట్టు తరిగిపోతుందా నాయనా?" అని, కత్తి తీసుకుని వెళ్ళి తానే కోసి ఇచ్చింది. పుస్తకాలు మేము చదివాం, పాఠం అమ్మకు వచ్చు.

కొన్నేళ్ళకు ఇంటికి మరో గది కట్టాల్సివచ్చింది. పునాది తవ్వినప్పుడు దానిమ్మ వేళ్ళు తెగిపోయాయి. ఆ వేసవిలో చెట్టు ఎండిపోయింది. తాతగారి గుర్తు పోయిందని ఇంట్లో అందరం బాధపడ్డాం. మరుసటి వానాకాలంలో ఆ పక్కింటి సోదరి పాత రంగు డబ్బాలో చిగురించిన ఒక మొక్కను తెచ్చి అమ్మ చేతికిచ్చారు. "వదినా, ఇది మీ చెట్టే" అన్నారు.

ఆమె మాట అక్షరాలా నిజం. గింజ నుండి వచ్చేది చెట్టు సంతానం. కొమ్మ నుండి వచ్చేది ఆ చెట్టే. మేము దాచుకుని ఉంటే తాతగారి దానిమ్మ మాకు లేకుండా పోయేది. అమ్మ ఇచ్చింది కాబట్టే అది మళ్ళీ మా ఇంటికి వచ్చింది. అమ్మ ఇప్పుడు ఈ లోకంలో లేరు. రెండు పెరళ్ళలోనూ చెట్లు కాస్తున్నాయి.

అనుభవజ్ఞులను అడగాలి

మొక్క నాటి "అంతా అల్లాహ్‌దే భారం" అని వదిలేయడం తవక్కుల్ కాదు. మదీనాలో ప్రజలు మగ ఖర్జూర పుప్పొడిని ఆడ గెలలకు అద్దడం దైవప్రవక్త (స) చూశారు. దానివల్ల ప్రయోజనం ఉంటుందని అనుకోవడం లేదని అన్నారు. వారు మానేశారు. ఆ ఏడు దిగుబడి దెబ్బతింది. సంగతి తెలిసి, ఇలాంటి ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసునని ఆయన (స) సెలవిచ్చారు. సహీహ్ ముస్లింలోని ఈ సంఘటన మనకు ఒక మర్యాద నేర్పుతోంది. మొక్కల విషయం రైతునీ, నర్సరీవారినీ, ఉద్యానశాఖవారినీ అడిగి తెలుసుకోవాలి. అలా అడిగి మేము నేర్చుకున్నవి కొన్ని మీ ముందుంచుతున్నాం.

దానిమ్మకు కొమ్మ చాలు. పెన్సిలంత లావున్న ముదురు కొమ్మను జానెడు పొడవున, నాలుగైదు కణుపులుండేలా కోయాలి. అడుగున కణుపుకు కాస్త కింద ఏటవాలుగా కోసి, సగానికి పైగా మట్టిలో దించాలి. తలకిందులుగా పాతకూడదు. నీడలో ఉంచి తడి ఆరకుండా చూస్తే సుమారు రెండు నెలల్లో వేళ్ళు పట్టుకుంటాయి.

జామకు గాలి అంటు మేలు. వానాకాలంలో ఆరోగ్యంగా ఉన్న కొమ్మకు అంగుళం వెడల్పున చుట్టూ బెరడు తీసి, తడిపిన కొబ్బరి పీచుపొట్టు లేదా నాచు పెట్టి, పాలిథిన్ కాగితంతో గాలి చొరబడకుండా కట్టాలి. నెలన్నర, రెండు నెలలకు కాగితంలో నుంచి వేళ్ళు కనిపిస్తాయి. అప్పుడు కట్టుకు దిగువన కోసి, కుండీలో నాటి, కొన్నాళ్ళు నీడలో పెంచాలి.

మామిడి సంగతి వేరు. బంగినపల్లి టెంకను పాతితే బంగినపల్లి రాదు. టెంక నుండి మొలిచిన మొక్కకు మేలు చెట్టు కొమ్మను అంటు కట్టాలి. బనగానపల్లె పేరు మోసుకుని మన రాష్ట్రాల్లో పెరుగుతున్న ఆ మామిడి చెట్లన్నీ ఇలా ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు, ఒక చేతి నుండి మరొక చేతికి వచ్చినవే. ఈ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అంటు మొక్క నాటినవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. అతుకుకు దిగువన వచ్చే చిగుళ్ళను ఎప్పటికప్పుడు తుంచేయాలి. అవి నాటు మొక్క చిగుళ్ళు. వదిలేస్తే బలమంతా అవే లాక్కుంటాయి, పైనున్న మేలు కొమ్మ క్షీణిస్తుంది. మన మనసు కూడా అంతే. సద్గుణాన్ని ఒకసారి అంటు కడితే సరిపోదు. అహం, పిసినారితనం కింది నుంచి చిగురిస్తూనే ఉంటాయి. రోజూ తుంచుకోవాలి.

పండులో ఎవరి హక్కు ఎంత?

ఇంటి ఆవరణలోని చెట్టు పండ్లపై ఉష్ర్ విధి కాదని హనఫీ ధర్మవేత్తలు పేర్కొన్నారు. విధి కాదంటే ఎవరికీ ఇవ్వనవసరం లేదని అర్థం కాదు. పేదలకు తెలియకుండా తెల్లవారకముందే పంట కోసుకోవాలని ఒట్టుపెట్టుకున్న తోటవాళ్ళ గతి ఏమైందో దివ్య ఖుర్ఆన్ 'అల్ ఖలమ్' సూరాలో చదువుతాం. వాళ్ళు లేచేసరికి తోటే మిగల్లేదు.

ఇద్దరు పొరుగువారిలో ముందు ఎవరికి కానుక ఇవ్వాలని హజ్రత్ ఆయిషా (రజి) అడిగితే, ఎవరి తలుపు నీకు దగ్గరో వారికి అని దైవప్రవక్త (స) చెప్పారు. ఆ తలుపు వెనుక ఉన్నవారి మతం ఏదన్న ప్రశ్న ఇక్కడ లేదు. ఇంట్లో మేకను కోస్తే, మన యూదు పొరుగువానికి పంపించారా అని ఇంటివాళ్ళను మళ్ళీ అడిగిన అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) మనకు ఆదర్శం.

పొరుగువారి హక్కు పండుతోనే తీరదు. మన కొమ్మ వారి గోడపై వాలి ఇబ్బంది పెడుతుంటే వారు అడగకముందే కత్తిరించాలి. రాలిన ఆకులు వారి వాకిట్లో పడితే మనమే ఊడ్చాలి. వేసవిలో వీధి కుళాయి దగ్గర జనం బిందెలతో నిలబడి ఉండగా, మనం గొట్టం పెట్టి మొక్కలకు నీళ్ళు వదలడం పుణ్యం కాదు. వుజూ చేసిన నీరు శుభ్రమైనదే. దాన్ని మురికి కాలువలోకి పోనివ్వకుండా పాదులోకి మళ్ళించండి. ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో అయిదు పూటల నీరు ఒక చెట్టుకు చాలు.

మా సోదరీమణులకు ఒక మాట. హజ్రత్ జాబిర్ (రజి) పినతల్లి విడాకుల ఇద్దత్‌లో ఉండగా తన ఖర్జూరాలు కోసుకోవడానికి బయలుదేరారు. ఒక వ్యక్తి ఆమెను వారించాడు. ఆమె దైవప్రవక్త (స) వద్దకు వెళితే, ఆయన (స) వెళ్ళి కోసుకోమన్నారు. దానివల్ల ఆమె దానమో, మరో మేలో చేయవచ్చునని కూడా అన్నారు. కాబట్టి పెరటి పని చిన్న పని కాదు. డాబా మీద రెండు కుండీల జాగా ఉన్న ఇల్లాలికి కూడా దానధర్మాల ద్వారం తెరిచే ఉంది.

ప్రళయం ముంచుకొచ్చినా చేతిలో మొక్క ఉంటే, వీలైతే నాటేయమని మన ప్రవక్త (స) బోధించారు. ఆ మొక్క పండు ఎవరు తింటారు? ఎవరూ తినరు. అయినా నాటమన్నారు. ఫలం అల్లాహ్ దగ్గర ఉంది కాబట్టి.

ఈ వానాకాలంలో బిస్మిల్లాహ్ అని ఒక కొమ్మ నాటండి. మరొక కొమ్మ పక్కింటికి ఇవ్వండి. అడిగేదాకా ఆగకండి. అల్లాహ్ మన చేతులను ఇచ్చే చేతులుగా చేయుగాక! మనం వెళ్ళిపోయిన తరువాత కూడా మన చెట్ల నీడను, పండును తన దాసులకు అందించుగాక! ఆమీన్.