పెద్ద చదువు ఒకటో తరగతికి ఎందుకు?

ఆమధ్య ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో వస్తుంటే, కొత్తగా డి.ఎడ్. పూర్తిచేసిన తాండా కుర్రాడొకడు మా పక్కన కూర్చున్నాడు. "అన్నా, పిల్లలకు చదవడం నేర్పించే విద్యలోనే పైచదువు చదవాలని ఉంది. ఇంట్లోవాళ్లేమో, అంత చదివి మళ్లీ ఒకటో తరగతికేనా అంటున్నారు" అని నవ్వాడు. మాకు నవ్వు రాలేదు. ఆ మాట మేమూ విన్నాం, ఒకప్పుడు మేమూ అన్నాం. నంద్యాల వచ్చేలోపు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఆ జవాబు కోసమే ఈ నాలుగు మాటలు.

మన దగ్గర చదువు ఒక నిచ్చెన. డి.ఎడ్. చదివితే చిన్న తరగతులు. బి.ఎడ్. ఉంటే హైస్కూలు. ఎం.ఎడ్. ఉంటే పంతుళ్లను తయారుచేసే కాలేజీ. పంతులు ఎంత పైకి చదివితే ఆరేళ్ల బిడ్డకు అంత దూరమవుతాడు. దాన్నే పదోన్నతి అంటున్నాం. ఇందులో ఏదో తప్పుందని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా గుర్తుచేసింది. ప్రాథమిక తరగతులకు బి.ఎడ్. అర్హత కాదని, చిన్నపిల్లలకు బోధించడానికి వేరే శిక్షణ కావాలని ఆ తీర్పు సారాంశం. అంటే ఒకటో తరగతి పని హైస్కూలు పని కంటే తక్కువదేమీ కాదు. అది వేరే విద్య.

ఆ విద్య మాకు పూర్తిగా వచ్చా? నిజం చెప్పుకోవాలి. రెండేళ్ల డిప్లొమాలో పాఠ్యపథకం రాయడం నేర్చుకున్నాం, చార్టులు గీయడం నేర్చుకున్నాం. చదవలేని బిడ్డ సరిగ్గా ఎక్కడ ఆగిపోయాడో కనుక్కోవడం మాత్రం మాకు రాలేదు.

ఒక పిల్లాడు పాఠం గడగడా చదివేవాడు. నడుమ ఒక మాట మీద వేలుపెట్టి ఇదేమిట్రా అని అడిగితే, మళ్లీ మొదటి మాట నుంచి అందుకొని అక్కడిదాకా వచ్చి చెప్పేవాడు. వాడు చదవడం లేదు, పాటలా అప్పజెబుతున్నాడు. ఇంకో పిల్ల 'బాధ' అని చెప్పి రాయమంటే ప్రతిసారీ 'బాద' అని రాసేది. అది అజాగ్రత్త అనుకున్నాం. కానీ ఆ పిల్ల ఇంట్లో, వీధిలో ఎవరూ 'ధ'ను ఒత్తి పలకరు. వినని శబ్దాన్ని రాయమంటే ఎట్లా రాస్తుంది? మరో సుగాలి పిల్లాడు నెలల తరబడి నోరు విప్పలేదు. వాడి ఇంట్లో అమ్మ అంటే యాడి, నీళ్లు అంటే పాణి. బొమ్మ కింద ఉన్న తెలుగు మాట వాడికి మాటే కాదు.

ముగ్గురికీ చదవడం రాదు. ముగ్గురి కారణాలూ వేరు, చేయాల్సిన పనీ వేరు. మేం మాత్రం ముగ్గురి పేర్ల ఎదురుగా ఒకటే మాట రాశాం: 'వెనకబడ్డారు'. తెలియనిది మాకు, మచ్చ మాత్రం వాళ్లకు. మా బాధంతా ఇదే. తనకు తెలియనిదాన్ని బిడ్డ లోపంగా రాసే హక్కు పంతులుకు ఎవరిచ్చారు?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో చదవడం నేర్పే నిపుణులని బడిలో వేరే ఉంటారు. అప్పటికే పంతుళ్లుగా అర్హత ఉండి, తరగతిలో పనిచేసినవాళ్లు ఆ పైచదువు చదివి మళ్లీ బడికే వస్తారు. న్యూజిలాండ్‌లో మేరీ క్లే 1970లలో మొదలుపెట్టిన పద్ధతిలో పంతుళ్లు ఏడాదిపాటు శిక్షణ పొందుతూనే రోజూ పిల్లలకు ఒక్కొక్కరికి విడిగా పాఠం చెప్పాలి. ఒకరు చెబుతుంటే తోటివాళ్లు అద్దం అవతల నుంచి చూసి మాట్లాడుకుంటారు. ఆమె పద్ధతి మీద తర్వాత చాలా విమర్శలు వచ్చాయి. కానీ పైచదువు కోసం బిడ్డను వదిలిపోనక్కర్లేదన్న మాట మనం తీసుకోదగ్గది.

అంత దూరం ఎందుకు? గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో పంతులుగా చేరారు. సవరల భాష నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు రాశారు, సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు సవరల సంగతి మన బడుల్లో ఎంతమందిమి చెబుతున్నాం? ఆయన సవర కాదు. అయినా పిల్లల దగ్గరికి ముందు విద్యార్థిగా వెళ్లారు. కాబట్టి మనవాడు అయితే చాలు అనుకోవద్దు. గూడెంలో పుట్టిన పంతులు కూడా గూడెం బిడ్డను 'వెనకబడ్డాడు' అని రాయగలడు. మేమే రాశాం కదా.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో 8 గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టారు. బంజారా అందులో ఉంది, ఎరుకల లేదు. మన నల్లమల చెంచు పిల్లలు తెలుగే మాట్లాడతారు కాబట్టి వాళ్లకు ఇబ్బందే లేదని అందరి లెక్క. కానీ పుస్తకం తెలుగుకూ పెంటలో తెలుగుకూ మధ్య ఉన్న వాగును రోజూ దాటేది ఆ పిల్లలే. 2021 జులై 5న కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్, 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. ఆ వాగు లోతెంతో తెలిసిన పంతులు లేకుండా ఆ లక్ష్యం మన గూడేలకు ఎట్లా వస్తుంది?

దీనికి ఎదురు మాటలూ ఉన్నాయి. బడికో నిపుణుడు వస్తే, చదవడం రాని పిల్లలను అతనికి అప్పజెప్పి మిగతావాళ్లు చేతులు దులుపుకోరా? దులుపుకోవచ్చు. అందుకే అతని మొదటి పని పిల్లలను విడదీసి కూర్చోబెట్టడం కాదు, తనకు తెలిసింది తోటి పంతుళ్లకు నేర్పడం. ఇంకొందరు పెద్దమనుషులు, అడవిని చదివిన ఆదివాసీకి అక్షరాలెందుకు అని పొగుడుతారు. ఆ పొగడ్తను నమ్మొద్దు. తేనె తెచ్చిన మనిషి తూకం చీటీలో అంకె చదవలేకపోతే నష్టపోయేది అతనే. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టాలో తన భూమి హద్దులు ఏమని రాశారో చదవలేకపోయినా అంతే. పొగిడినవాళ్లు వచ్చి చదివిపెట్టరు.

ఇక అసలు చిక్కు. మన సర్కారు బడుల్లో అట్లాంటి పోస్టు లేదు. ఆ చదువు చదివితే జీతం పెరగదు. అప్పుచేసి చదివించిన ఇంటిబిడ్డను త్యాగం చెయ్యమని అడగడం న్యాయమా? న్యాయం కాదు. త్యాగం ఎప్పుడూ పేదింటి నుంచే అడుగుతారు. అందుకే ఆ పోస్టు కావాలని, చదువుకునే పంతులుకు జీతంతో సెలవు కావాలని మన సంఘాలన్నీ అడగాలి. అయితే పోస్టు వచ్చేదాకా ఆరేళ్ల బిడ్డ ఆగడు. వాడికి ఒకటో తరగతి ఒక్కసారే వస్తుంది.

కాబట్టి తమ్ముడూ, ఆ రోజు బస్సులో చెప్పలేకపోయింది ఇప్పుడు చెబుతున్నాం. చదువు. ఒకటో తరగతికే చదువు. ఇంట్లోవాళ్లు అడిగితే, పెద్ద డాక్టరు దగ్గరికి ముందు పంపేది ప్రాణం మీదికి వచ్చినవాళ్లనే కదా అని చెప్పు. చదివే రోజుల్లో కూడా ఒక్క బిడ్డనైనా దగ్గర పెట్టుకో.

మా సంగతంటావా, నలభై దాటాం. ఆ పైచదువు మాకు దొరుకుతుందో లేదో. ఒక్కటి మాత్రం మార్చుకున్నాం. పిల్లల పేర్ల ఎదురుగా 'వెనకబడ్డాడు' అని రాయడం మానేశాం. ఎక్కడ ఆగాడో తెలిస్తే అది రాస్తున్నాం. తెలియకపోతే 'ఎక్కడ ఆగాడో మాకింకా తెలియలేదు' అని రాస్తున్నాం.