బావి ఒక్కరిది, ఊట అందరిది

తెల్లవారుజామున స్వామి తిరుమంజనమునకై అర్చకస్వామి చేద విడిచి నీరు తోడును. ఆ నీరు బావిదని మనమందుము. కాని బావి నీటిని పుట్టించునది కాదు. భూమి దాచియుంచిన నీటికి వాకిలి మాత్రమే.

ఓరుగల్లు సీమలో నేలక్రింద చాలవరకు గ్రానైటు శిలయే. దాని పైభాగము యుగయుగములుగా ఎండకు, వానకు శిథిలమై మొరముగా మారినది. వాననీరు ఆ మొరములోనికి ఇంకి, క్రింది రాతి పగుళ్లలో నిలుచును. త్రవ్విన బావి ఆ నీటిమట్టమును దాటగనే చుట్టునున్న నీరు ఊటలై దానిలోనికి చేరును. తోడినకొలది బావిలో మట్టము తగ్గును; తగ్గినచోటికి ఇరుప్రక్కల నీరు ప్రవహించును. అందువలన బావి చుట్టును జలమట్టము గరాటువలె క్రుంగును. మితిమీరి తోడినచో ఆ గరాటు విస్తరించి పొరుగువాని బావిని తాకును. ఇతని పొలము పచ్చగా నుండగా అతని చేద రాతికి తగులును.

అప్పుచేసి బోరు వేసిన రైతును నిందించుట ధర్మము కాదు. అతని వెనుక బిడ్డల ఆకలి యున్నది. అయినను పగుళ్లలో నీరు పరిమితము. వాన ఇచ్చినదానికంటె అధికముగా తీసినచో, ఎంత లోతు త్రవ్వినను అది అప్పే యగును.

మన పెద్దలు తోడుటతోపాటు నింపుటయు నేర్పిరి. 1213లో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి నిర్మించెను. దాని చెంతనే విశాలమైన రామప్ప చెరువు. చెరువు నిండినచో దిగువ బావులలో ఊట నిలుచును. పూడిక తీసి చెరువులను బాగుచేయుటకు 2015లో తెలంగాణ ప్రభుత్వము చేపట్టిన పనికి మిషన్ కాకతీయ యని పేరిడుట ఉచితమే.

అంతర్యామి బ్రాహ్మణము జలమును భగవంతుని శరీరముగా చెప్పినది. భగవద్రామానుజులు చేతనాచేతనములన్నియు ఆయన శరీరమేయని సిద్ధాంతీకరించిరి. అట్లయిన ఊటపై మనకు స్వామిత్వము లేదు, ఉన్నది కైంకర్యము. ఇంటికప్పు వాననీటిని ఇంకుడుగుంతలోనికి మళ్లించుట, ఊరి చెరువు పూడిక తీయుటకు ఒక దినము పారపట్టుట, ఆరుతడి పంటతో తృప్తిపడుట, ఇవి ఆరాధనలే.

పైన బావులు వేరు, గట్లు వేరు, పేర్లు వేరు. అడుగున ఊట ఒక్కటే. రేపు చేద విడుచునప్పుడు పొరుగింటి బావిని తలచుడు. ఆ తలంపే స్వామికి తొలి తీర్థము.